చేప ఎదురెక్కే దారిలో

నాగార్జునసాగర్ గోడ కింద నిలబడితే కృష్ణ అక్కడే పుట్టిందేమో అనిపిస్తుంది. అవతల సముద్రమంత జలాశయం; ఇవతల మాత్రం గేట్లు ఎత్తని రోజున విద్యుత్ కేంద్రం వదిలినంతే నది. 815.6 మెగావాట్ల ఆ కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి. ఏడింటితో నీటిని వెనక్కి తోడుకోవచ్చు కూడా. ఆ నీరు నిలవడానికే 21 కిలోమీటర్ల దిగువన, సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టారు.

కరెంటు అవసరాన్ని బట్టి యూనిట్లు తిరుగుతాయి, ఆగుతాయి. అవి ఆగితే దిగువన బండల మీద తడి గీత పైనే ఉండిపోయి నీరు కిందికి జారుతుంది. గుంటల్లో చిక్కిన చేపపిల్లలు ఎండ ముదిరే కొద్దీ ఒక్క మూలకు చేరతాయి. పుట్టి గట్టున బోర్లా పడి ఉంటుంది.

మిర్యాలగూడకు దక్షిణాన, వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కలుస్తుంది. తొలకరికి కొత్తనీరు తగిలితే చేప ఎదురెక్కడం ఏటి ఒడ్డున పెరిగినవాళ్లందరికీ తెలిసిందే. బొచ్చె, రవ్వ గుడ్లు పెట్టేది పారే వరదలోనే. కానీ కృష్ణ వరద ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం దాటుకుని సాగర్‌కు చేరేసరికి చాలా ఏళ్లలో ఆగస్టు వస్తుంది. సూర్యాపేట వైపు నుంచి దిగే మూసీ తెచ్చేదేమో హైదరాబాద్ మురుగు కలిసిన నీరు. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. మత్స్యకారుల ఇళ్లకు అది ఆసరాయే. అయినా ఏటా పోసుకోవాల్సిన చేప వేరు, ఏటిలో పుట్టిన చేప వేరు.

సాగర్‌ను పగలగొట్టమని ఎవరూ అడగరు. ఎడమ కాలువ మీదే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరి బతుకుతోంది. మార్చాల్సింది నీళ్లు వదిలే తీరు. టర్బైన్ నీటిని తాగేయదు, తిప్పి వదిలేస్తుంది. సాగర్ నుంచి ఒక్కసారిగా దూకే నీటిని సత్రశాలలో పట్టి, అక్కడి రెండు 25 మెగావాట్ల యూనిట్ల గుండా రాత్రింబవళ్లు నిలకడగా వదలవచ్చు. తొలకరి నెలల్లో కొన్ని రోజులపాటు మట్టాన్ని మెల్లగా పెంచి, మెల్లగా దించవచ్చు. అమెరికాలో పెనాబ్‌స్కాట్ నది మీద 2012, 2013లలో రెండు ఆనకట్టలు తీసేసి, మిగిలిన కేంద్రాల్లో ఉత్పత్తి పెంచి ఆ లోటు పూడ్చుకున్నారు. సముద్రపు చేపలు లక్షల్లో తిరిగి ఎక్కాయి.

మట్టపల్లి నరసింహస్వామి గుడి దాటాక నది పులిచింతలలో నిలుస్తుంది: 45.77 టీఎంసీలు, తెలంగాణ ఒడ్డున 120 మెగావాట్లు. అక్కడి నుంచి బెజవాడలోని ప్రకాశం బ్యారేజీకి 85 కిలోమీటర్లు. సముద్రం నుంచి ఎక్కే చేపకు అడ్డుగోడ ఆ బెజవాడ దగ్గరే, 1855 నాటికే లేచింది.