వినియు నెఱుఁగని మాట

మా తండ్రిగారు కడపటి జ్వరమున మా యింటనే యుండిరి. పండ్రెండవనాఁటి యుదయమున వైద్యులు వచ్చి, నాడి చూచి, వసారాలోనికి నడచి, మా వారితో నింగ్లీషున నేమో పలికిరి. తలుపుచాటున నిలిచిన మాకు అందు రెండే మాటలు తెలిసినవి: గివ్, అప్. మా పెద్దవాని మొదటి వాచకమునుండి యా రెంటిని అదివఱకే నేర్చియుంటిమి. గివ్ అనఁగా నిచ్చుట. అప్ అనఁగా పైకి. ఇంకను మంచి మందేదో యిచ్చెదరనియు, నాన్నగారు లేచి కూర్చుండెదరనియు సంతోషించితిమి.

ఆ సాయంకాలము నాన్నగారు భాగవతము తెచ్చి గజేంద్రమోక్షము చదువుమనిరి. మాకు అమరమును, భారతమును, భాగవతమును ఒడిలోఁ గూర్చుండఁబెట్టుకొని చెప్పినవారు వారే. కోలుకొన్న పిదపఁ దీరికగాఁ జదివెదము లెండని చెప్పి, పథ్యము వండుటకు వంటయింటికిఁ బోయితిమి. మూఁడవనాఁడు తెల్లవాఱుచుండఁగా వారు కన్నుమూసిరి.

కర్మలు ముగిసిన పిమ్మట, ఆనాఁడు వైద్యులేమనిరని మా వారి నడిగితిమి. “ఆశ వదలుకొంటి మనిరి. వినిన నీవు తట్టుకొనలేవని చెప్పలేదు” అనిరి. వారి దయను మేము నిందింపలేదు. కాని యా దయవలన మాకొక సాయంకాలము పోయినది. నాఁటినుండి రాత్రి భోజనములైన పిదప, పలక పట్టుకొని మా వారియొద్ద నింగ్లీషు నేర్చుకొనుచున్నాము. మొట్టమొదట నడిగినది ఆ జంటమాటనే.

అది వేయు వేషము లెన్నియో! చుట్ట త్రాగువాఁడు దానిని మానుకొనుట గివ్ అప్. రైలుబండిలో ముసలమ్మకుఁ దన చోటు విడిచి యిచ్చుటయు గివ్ అప్. శత్రువులకుఁ గోట నొప్పగించుటయు, దొంగ తనంతఁ దాను లొంగిపోవుటయు, పొడుపుకథ విప్పలేక యోడితి ననుటయు నదియే. 1936 డిసెంబరులో ఎనిమిదవ ఎడ్వర్డు, తాను వలచిన స్త్రీని బెండ్లాడుటకై, యింగ్లండు సింహాసనమును వదలుకొనెను. దానికిని ఆ మాటయే. రోగిని గూర్చి వైద్యుఁడు పలికినచో మాత్రము, ఇఁక బ్రదుకఁడని యర్థము. త్యాగమును నిరాశయు నొక్క మాటలోనే కాపురముండుట మాకు వింతగాఁ దోఁచినది.

ఆలోచింపఁగా నిది మనకుఁ గ్రొత్తగాదు. హృ ధాతువునకు ముందు ఉపసర్గలు చేరఁగా ప్రహారము, ఆహారము, సంహారము, విహారము, పరిహారము అగునని నాన్నగారే చెప్పిరి. కొట్టుట యెక్కడ, తినుట యెక్కడ! సంస్కృతమున ఉపసర్గ క్రియకు ముందుండును. ఇంగ్లీషున నీ చిన్నమాట వెనుక నుండును, ఒక్కొకయెడ నడుమ వేఱొక మాటకుఁ జోటిచ్చి దూరముగాఁ గూర్చుండును. వేదభాషయందు ఉపసర్గయు నట్లే వెనుకను, దూరముగను ఉండవచ్చునని పాణిని చెప్పియున్నాఁడు. మన తెలుఁగున మాత్రము? చెప్పులు విడుచుట, నిట్టూర్పు విడుచుట, పట్టు విడుచుట, ప్రాణము విడుచుట — ఒకటి గుడివాకిట జరుగును, ఒకటి మంచముకడ జరుగును. మాటను ముక్కలు చేసి, ముక్కకొక యర్థము చెప్పుకొన్నచోఁ బొరపడుదుము. మేమట్లే పొరపడితిమి.

కావున సోదరీమణులారా, మీ యింట రోగి యున్నప్పుడు పెద్దలు తెలియని మాట యాడినచో, సగము తెలిసినదని తృప్తిపడి మరలి పోకుఁడు. సిగ్గుపడక యర్థమేమని యడుగుఁడు. పురుషులును మమ్ముఁ గాపాడుటకై మాట దాఁపకుందురు గాక! దుఃఖమును మేము భరింపఁగలము. చదువక వదలిన యా ఘట్టమును భరించుటయే కష్టము. ఏఁటేఁట నాన్నగారి తిథినాఁడు దీపము పెట్టి, గజేంద్రమోక్షమును మొదటినుండి తుదివఱకు గొంతెత్తి చదువుచున్నాము.