కనుమ మీద పది నిమిషాలు

కాశ్మీర్‌లో సోనామార్గ్ నుంచి నారానాగ్ దాకా నడిచి వచ్చి నెల దాటింది. కళ్లు మూస్తే ఇంకా గడ్సర్ కనుమే.

ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు అదే, దాదాపు 4,200 మీటర్లు. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మన కాకినాడ తీరంలో అందేదాంట్లో అరవై శాతమే. పది అడుగులు వేయడం, ఆగడం. పైకెక్కి వెనక్కి తిరిగి చూస్తే కింద విషన్‌సర్, కృష్ణసర్ చెరువులు పక్కపక్కనే, ఒకటి ముదురు నీలం, ఒకటి పచ్చ. కిషన్‌గంగ నది పుట్టేది ఆ నీళ్లలోనే. అంత పెద్ద నదికి మొదలు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా అనిపించి, కాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

మేం ఆయాసపడుతూ ఎక్కిన దారిలోనే బకర్వాల్ కుటుంబాలు గొర్రెలతో, గుర్రాలతో, చంటిపిల్లలతో నడుస్తాయి. చలికాలం జమ్మూ వైపు పల్లంలో, ఎండాకాలం ఈ పచ్చికల మీద. ఒక పెద్దాయన తన రాతి గుడిసెలోకి పిలిచి ఉప్పు టీ పోశారు. ఆ కొండలు వాళ్లవి, మనం చుట్టాలం.

కనుమ దిగాక గడ్సర్ చెరువు ఒడ్డున బిస్కెట్ కవర్లు కనిపించాయి. చాలా బాధేసింది. ఏరి సంచిలో వేసుకొచ్చాం.

వెళ్లేవాళ్లు దయచేసి ఒక ఖాళీ సంచి పట్టుకెళ్లండి.