అది చావింటి పాట కాదండీ!

కాపురానికి మార్కాపురం వచ్చిన కొత్త. 1991వ సంవత్సరం. ఓ రోజు తెల్లవారుజామున పొయ్యి మీద పాలు పెట్టి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఘంటసాల భగవద్గీత క్యాసెట్ వేశాను. రెండు శ్లోకాలైనా కాలేదు, పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, "ఎవురన్నా పోయినారా అమ్మా?" అంది కంగారుగా. మా అత్తయ్య పరుగున వచ్చి టేప్‌రికార్డర్ కట్టేసింది. "పొద్దున్నే ఇంట్లో ఆ పాట ఏందమ్మా, శకునం కాకపోతే!" అంది.

మీ ఇళ్లలోనూ ఇంతే కదూ?

గిద్దలూరులో మా నాన్నకు ఆ గొంతుతోనే తెల్లారేది. నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే లోపల గీత వినపడుతుండేది. నాకది బతుకు పాటే!

ఆ పాడినాయన సంగతి చూడండి. 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో జోలె పట్టి, ఇల్లిల్లూ తిరిగి మధూకరం తెచ్చుకుని తిన్నారు. ఏయే తల్లులు పెట్టిన ముద్దలో! వేల సినిమా పాటలు పాడాక, ఆరోగ్యం బాగాలేని చివరి రోజుల్లో గీత పాడారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆయనకు నిండా 52 ఏళ్లు లేవు. రికార్డు ఆ తర్వాతే బయటికొచ్చింది. శ్లోకం రాగంలో పాడి, వెంటనే దాని అర్థాన్ని మనింటి పెద్దమనిషిలా తెలుగులో చెప్తారు. ఇన్నేళ్లయినా ఆ రికార్డు పాతబడకపోవడానికి అదే కారణమని నాకనిపిస్తుంది.

2003లో నాన్న పోయారు. ఇంటి ముందు మైకులో అదే గీత పెట్టారు. నాకు గుండె పిండేసినట్టయింది. అత్తయ్య అన్నదే నిజమేమో అనుకుని, క్యాసెట్ బీరువా అడుగున పడేశాను.

2009లో అత్తయ్య మంచాన పడింది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఓ రాత్రి, "ఆ గీత ఉందా అమ్మా?" అంది. నా చెవులను నేనే నమ్మలేదు. "మీ నాయన పోయిన రోజు మైకులో విన్నా. అర్థం తెలుగులో చెప్తున్నాడు. చావింట్లో ఏడుపుల మధ్య సరిగా వినలేకపోతిని" అంది.

మా ఊరు పలకలకు పేరుబడ్డ ఊరు కదా! అత్తయ్య వయసులో ఉండగా పలకలు నున్నగా రుద్దే పనికి పోయేది. దేశంలో ఎందరు పిల్లలు వాటి మీద అక్షరాలు దిద్దుకున్నారో! ఆమెకు మాత్రం తన పేరు రాయడం కూడా రాదు. గీత పుస్తకం చేతికిచ్చినా ఏం చేసుకుంటుంది?

చిక్కుపడ్డ రీలును పెన్సిల్‌తో తిప్పి సరిచేసి వేశాను. అప్పటి నుంచి రోజూ రాత్రి అన్నాలయ్యాక కాసేపు వినేది. "అంత వీరుడు కూడా విల్లు కిందేసి కూలబడినాడా?" అని ఆశ్చర్యపోయేది. ఓసారి ఇలా అంది: "ఇంత మంచి మాటలు మనిషి పోయినాక పెడతారేందే? పోయినోళ్లకు వినపడుద్దా?"

నా దగ్గర జవాబు లేదు.

ఎనిమిది నెలల తర్వాత అత్తయ్య వెళ్లిపోయింది. మైకు తెప్పిద్దామని ఎవరో అంటే నేనే వద్దన్నాను. ఆమె వినాల్సింది బతికుండగానే వినేసింది.

ఇప్పుడు టేప్‌రికార్డర్ మూలన పడింది. ఫోన్‌లో పెట్టుకుంటున్నాను. పొద్దున వంటింట్లో కూర తరుగుతూ వింటాను. పక్కింట్లో కొత్తగా దిగినమ్మాయి మొన్న గోడ మీదుగా తొంగిచూసింది. "ఎవరూ పోలేదమ్మా, ఇట్లా రా, కాఫీ తాగుతూ విందువుగానీ" అన్నాను.

మీ ఇంట్లోనూ చదువురాని పెద్దావిడ ఎవరైనా ఉంటే, ఓ రాత్రి పక్కన కూర్చుని వినిపించి చూడండి.