యానాంలో నెల్లాళ్ళు

పోయిన డిసెంబరులో పిల్లల బడులు మూసీ మూయగానే మెల్‌బోర్న్‌లో విమానం ఎక్కి, హైదరాబాదులో దిగి, గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ చేరాం. బయలుదేరేముందు ఇక్కడి స్నేహితులు "ఏ ఊరు?" అని అడిగితే "యానాం" అన్నాను. "అది ఆంధ్రాలో ఉందా, పాండిచ్చేరిలో ఉందా?" అన్నారు సగం మంది. రెండూ నిజమే. కాకినాడ నుంచి దక్షిణంగా కోరంగి, తాళ్ళరేవు దాటితే యానాం వచ్చేస్తుంది. చుట్టూ ఆంధ్రప్రదేశే. పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరిది. మొత్తం ముప్ఫై చదరపు కిలోమీటర్ల నేల. 2011 లెక్కల ప్రకారం 55,626 మంది జనం.

ఈసారి ప్రయాణం సరదాకి మాత్రమే కాదు. అమ్మని మాతో తీసుకొచ్చేయాలని మావారూ నేనూ గట్టిగా అనుకునే వెళ్ళాం. నాన్నగారు పోయి ఏడేళ్ళయింది. ఆవిడ ఒక్కర్తే ఆ పెంకుటింట్లో ఉంటోంది. మామూలు రోజుల్లో మాకు బెంగ లేదు. వీధి వీధంతా ఆవిడకి చుట్టాలే. కానీ 2022 జులై సంగతి మేము మరచిపోలేం.

ఆ నెలలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరవాత అంత ఎత్తు మళ్ళీ అదే. పైన పెరిగిన నీరంతా ధవళేశ్వరం రావలసిందే. అక్కడ 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశాక గౌతమీ పాయలో పడిన నీరు సముద్రంలో కలిసేముందు యానాన్ని ఒరుసుకునే పోవాలి. మేము మెల్‌బోర్న్‌లో రాత్రంతా ఫోను పట్టుకుని కూర్చున్నాం. "గుమ్మం దాకా వచ్చింది, అంతే" అంది అమ్మ. మర్నాడు పక్కింటి కుర్రాడు పంపిన ఫోటోలో మంచం కోళ్ళు సగం దాకా నీళ్ళలో ఉన్నాయి. అమ్మని వాళ్ళ మేడమీదికి తీసుకెళ్ళి ఐదు రోజులు కంటికి రెప్పలా చూసుకున్నారు. వాళ్ళ రుణం ఎలా తీర్చుకుంటామో తెలియదు.

సరే, ఊరు చేరాం. పదకొండేళ్ళ మా అమ్మాయి మొదట పట్టుకున్నది బళ్ళ నంబర్లు. కాకినాడ నుంచి వస్తున్నంతసేపూ "ఏపీ", ఊళ్ళోకి రాగానే "పీవై 04". "మనం రాష్ట్రం దాటామా? మరి అందరూ తెలుగే మాట్లాడుతున్నారే?" అని దాని సందేహం. పెట్రోలు బంకు దగ్గర బారులు తీరిన ఏపీ బళ్ళని చూపించి, పన్ను తేడా సంగతి ఆటో అబ్బాయి దానికి విడమరచి చెప్పాడు. ప్రతి మాటకీ చివర "ఆయ్" అంటుంటే మావాడు వారం తిరిగేసరికి అది పట్టేశాడు. ఇప్పటికీ మెల్‌బోర్న్‌లో వాళ్ళ టీచరుకి కూడా "ఆయ్" అంటున్నాడు.

మొదటి వారం తిండితోనే సరిపోయింది. పొద్దున్నే పనసాకు దొన్నెల్లో ఉడికిన పొట్టిక్కలు, మధ్యాహ్నం పనసపొట్టు కూర. అయితే మావారు యానాం అనగానే పులస కోసం ఆశపడ్డారు. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అన్న సామెత ఆయన పెళ్ళయినప్పటినుంచీ వింటున్నారు మరి. "అల్లుడుగారూ, నెల తప్పి వచ్చారు. పులస వరద నీటికి ఎదురీదుకుంటూ సముద్రంలోంచి వస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో రావాలి. పోనీ చీరమేను తిందామన్నా దీపావళి రోజులతో సరి" అంది అమ్మ. ఆయన మొహం చూసి పిల్లలు ఒకటే నవ్వు.

సాయంత్రాలు గోదారి ఒడ్డున రాజీవ్ బీచికి నడిచేవాళ్ళం. ఎదురుగా ఎదుర్లంక వైపు బాలయోగి వారధి కనిపిస్తుంది. అది రాకముందు అమలాపురం వెళ్ళాలంటే పంటు ఎక్కి గౌతమి దాటవలసిందే. నేను కాలేజీకి అలాగే వెళ్ళాను. పంటు తప్పిపోతే ఒడ్డున కూర్చుని బఠాణీలు తినడమే పని. అది చెబితే మా అమ్మాయి "మరి క్లాసు?" అంది. ఏం చెప్పను!

క్రిస్మస్ ముందు రాత్రి, ఎప్పటినుంచో స్నేహంగా ఉన్న ఇంటివాళ్ళు పిలిస్తే సెయింట్ ఆన్స్ చర్చికి వెళ్ళాం. ముక్కోటి నాడు తెల్లవారుజామున మీసాల వెంకన్న గుడికి వెళ్ళాం. స్వామికి నిజంగానే మీసాలున్నాయని మావాడు బయటికి వచ్చాక కూడా అందరికీ చెప్పాడు. జనవరి మొదటి వారంలో ప్రజా ఉత్సవాలు, ఫల పుష్ప ప్రదర్శన. ఊరంతా కొత్త బట్టలతో తిరిగింది.

వాన పట్టిన ఒక మధ్యాహ్నం అమ్మ నాన్నగారి పెట్టె తీసింది. అందులో ఆయన పుట్టిన పత్రం ఉంది. ఊరి పేరు "యనావోఁ" అని, మిగతా అంతా ఫ్రెంచిలో. "తాతయ్య ఫ్రెంచివాడా?" అంది మా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని. అప్పుడు అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో ఉద్యమకారులు వచ్చి యానాం పాలనను చేతిలోకి తీసుకున్నప్పుడు నాన్నగారికి పన్నెండేళ్ళు. ఆ ఏడే నవంబరు 1న పాండిచ్చేరితోపాటు యానాం భారతదేశం చేతికి వచ్చింది. చట్టం ప్రకారం పూర్తిగా కలిసింది మాత్రం 1962 ఆగస్టు 16న. ఫ్రెంచి పౌరులుగానే ఉండదలచినవాళ్ళు ఆరు నెలల్లోగా రాసి ఇవ్వాలన్నారు. తెలిసినవాళ్ళు కొందరు రాసి ఇచ్చారు. మా తాతగారు ఆరు నెలలూ ఆలోచించి, చివరికి ఆ కాగితం దూలం మీదే ఉంచేశారట. "ఆయన ఇల్లు కదలలేదు. దేశమే మారింది" అంది అమ్మ.

మా నాన్నమ్మ పెళ్ళి సంగతి కూడా ఆ రోజే వచ్చింది. 1929 శారదా చట్టం బ్రిటిషు వాళ్ళ నేలమీద బాల్యవివాహాలు ఆపితే, జనం పిల్లల్ని తీసుకుని యానాం వచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. ఊరికి కల్యాణపురం అని పేరే పడింది. నాన్నమ్మ కూడా పదకొండో ఏట అలా ఎల్లదాటి పెళ్ళికి వచ్చి, ఇక్కడే కోడలై ఉండిపోయింది. తన వయసే అని విని మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

తరవాత ఒక రోజు కోరంగి వెళ్ళాం. అక్కడ ఇప్పుడు మడ అడవుల అభయారణ్యం చూస్తారు గాని, ఒకప్పుడు అది పెద్ద రేవు. 1839 నవంబరు తుపాను ఉప్పెనకి ఊరు ఊడ్చుకుపోయింది. మనవాళ్ళు సముద్రం దాటిపోయినది ఈ ఒడ్డు నుంచే. 1828లో యానాం నుంచి పదిహేను మంది తెలుగువాళ్ళు కూలిపనికి రీయూనియన్ దీవికి వెళ్ళారు. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్ళకి కోరంగీలనే పేరు వచ్చింది ఈ ఊరివల్లనే. 1843లో తెలుగు కూలీలను మారిషస్‌కు చేర్చిన ఓడ పేరు కోరంగా ప్యాకెట్. ఆ పేరుగల ఓడే 1845లో మన ఆస్ట్రేలియాకి ఈశాన్యాన, కోరల్ సముద్రంలో దిబ్బలకు తగిలి పగిలిపోయింది. ఆ దీవులకి కోరంగా దీవులనే పేరు నేటికీ ఉంది. క్వీన్స్‌లాండ్ పటంలో ఆ పేరు చూసి ఎవరైనా అనుకుంటారా, అది మన గోదారి జిల్లా ఊరని? మడచెట్ల మధ్య చెక్కబాట మీద నిలబడి మా అమ్మాయికి ఫోనులో ఆ పటం చూపించాను. "అయితే మనకంటే ముందే మన ఊరి పేరు అక్కడికి వెళ్ళిపోయిందన్నమాట" అంది.

భోగి మంట ఆరిపోయాక, ఇంకా తెల్లవారకముందే, అమ్మ దగ్గర అసలు మాట ఎత్తాను. ఇల్లు అద్దెకిచ్చి మాతో వచ్చేయమన్నాను. 2022 గుర్తు చేశాను. ఆవిడ 1996 గుర్తు చేసింది. ఆ నవంబరు 6 రాత్రి తుపానుకి పైకప్పు పెంకులన్నీ లేచిపోతే నాన్నగారూ తానూ తలుపు అడ్డంగా పట్టుకుని తెల్లవార్లూ నిలబడ్డారట. "అప్పుడే పోలేదు, ఇప్పుడు పోతానా?" అంది.

"అప్పుడు నాన్న ఉన్నారమ్మా" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆవిడ మాట్లాడలేదు. బూడిదలో పిడకల దండ ఇంకా మినుకుమినుకుమంటోంది. కాసేపటికి "నువ్వక్కడ భయపడుతున్నావని తెలుసే. ఆ ఐదు రోజులూ నేను మేడమీద హాయిగా కాఫీ తాగాను, నువ్వే తిండి మానేశావు. అల్లుడుగారు చెప్పారు" అంది.

చివరికి ఆవిడే దారి చెప్పింది. ఇల్లు వదలదు. కానీ వరద నెలలు, జులై నుంచి సెప్టెంబరు వరకు, మా దగ్గర ఉంటుంది. దసరాకి తిరిగి వెళ్ళిపోవాలి. నాకు ఆనందం పట్టలేదు. మర్నాడు పెరుగు చిలుకుతూ అమ్మ ఊరికే అన్నట్టు అంది: "వరద నెలలంటే పులస నెలలేనే." నాన్నగారు పోయాక కూడా ఏ ఏడూ మానకుండా ఒక్క పులసైనా కొని, వండి, ముందు ఆయన ఫోటో దగ్గర పెట్టి, తరవాత పక్కింటివాళ్ళకి పంచుతుందట. ఆ సంగతి నాకు అప్పటివరకూ తెలియదు. ఇరవై ఏళ్ళుగా వారం వారం ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాను.

కనుమ వెళ్ళిన మూడో నాడు బయలుదేరాం. గుమ్మంలో అమ్మ పిల్లలకి కొబ్బరి లౌజు పొట్లాలు ఇచ్చింది. నాకు నాన్నగారి పుట్టిన పత్రం ఇచ్చింది. "అక్కడ ఎత్తుమీద ఉంటుంది, తడవదు" అంది.

అమ్మకి వీసా వచ్చింది. జులై మొదటి వారంలో వస్తోంది. పక్కింటివాళ్ళు ఈ ఏడు పులస కొని నాన్నగారి ఫోటో దగ్గర పెడతామని మాటిచ్చారు. ఇక మాకున్న చింత ఒక్కటే: జీవితంలో సన్న శాలువా తప్ప కప్పుకోని మనిషి మెల్‌బోర్న్ జులై చలికి ఎలా తట్టుకుంటుందో. పెద్దవాళ్ళని చలికాలంలో రప్పించుకున్న అనుభవం ఉన్నవాళ్ళు, ఉన్ని కోట్లు ఎక్కడ కొన్నారో చెబితే మేలు చేసినవారవుతారు. వచ్చాక ఒక ఆదివారం అందరూ మా ఇంటికి రండి. పులస పెట్టలేను గాని, పనసపొట్టు కూర అమ్మ చేతిది.