రోజా ఔషధం కాదు, ఆరాధన

2021 రమజాన్ మాసం. కరోనా రెండవ విడత విజృంభిస్తున్న రోజులు. మూడు రోజులుగా జ్వరంతో ఉన్న మా అమ్మీ సహరీ వేళకు లేచి కూర్చుంది. వద్దంటే వినలేదు. "ఆకలితో ఉంటే శరీరంలోని కణాలే వైరస్‌ను తినేస్తాయట బేటా! కనిపెట్టినాయనకు నోబెల్ కూడా ఇచ్చారట" అంటూ ఫోనులో వచ్చిన సందేశం చూపింది. దిండు పక్కన బంధువులిచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలున్నాయి.

జీవశాస్త్రం బోధించే నాకు ఆ సందేశంలోని సగం నిజమే భయం కలిగించింది. కణం తనలోని పాడైన భాగాలను తానే జీర్ణించుకోవడాన్ని ఆటోఫజీ అంటారు. ఆకలిగొన్న ఈస్ట్ కణాలలో దీనిని పరిశీలించి, అందుకు కారణమైన జన్యువులను గుర్తించిన జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ లభించింది. అది వైరస్ చికిత్సకు ఇచ్చిన బహుమతి కాదు. పైగా ఈ ప్రక్రియ కొన్ని వైరస్‌లను నశింపజేస్తే, డెంగీ, పోలియో వైరస్‌లు దీనినే తమ వృద్ధికి వాడుకుంటాయి. కనుక దీనిని ప్రేరేపించే మందు ఒక వ్యాధిలో మేలు చేసినా, మరొక దానిలో కీడు చేయవచ్చు.

ఆ మాత్రల పని ఇందుకు పూర్తిగా విరుద్ధం. కణంలో జీర్ణక్రియ జరిపే లైసోజోముల ఆమ్లగుణాన్ని తగ్గించి, ఆటోఫజీ చివరి దశను అవి అడ్డుకుంటాయి. ప్రయోగశాలలో, కోతి మూత్రపిండ కణాలలో కరోనా వైరస్‌ను నిలువరించాయి కూడా. కానీ బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో ఆ మందు తీసుకున్న 1561 మంది ఆసుపత్రి రోగులలో 28 రోజులలోపు 27 శాతం మంది మరణించారు. తీసుకోని 3155 మందిలో 25 శాతం. ప్రయోజనమేమీ కనిపించలేదు.

"అమ్మీ, ఒకటి పెంచేది, ఇంకొకటి ఆపేది. రెండూ ఒకేసారి మందులెలా అవుతాయి?" అన్నాను.

ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "జ్వరమని నేనెన్నడూ రోజా వదల్లేదు. ఇప్పుడు వదిలితే అల్లాహ్‌కు ఏం జవాబు చెప్పను?" అంది. అసలు బాధ అదన్నమాట!

"రోగగ్రస్తులు ఆ లెక్కను ఇతర దినాలలో పూర్తి చేసుకోవచ్చని దివ్యఖుర్ఆన్‌లోని బఖరా సూరా చెబుతోంది కదా! ఆ సడలింపునిచ్చినది కూడా అల్లాహ్‌యే" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని మంచినీళ్ల గ్లాసు అందుకుంది. తెల్లవారాక వైద్యునికి చూపించాము. మాత్రలు తిరిగి ఇచ్చేశాము.

అల్లాహ్ దయవల్ల కోలుకుని, వదిలిన పదకొండు రోజాలను తరువాతి నెలల్లో ఒక్కొక్కటిగా పూర్తి చేసింది. రోజా మనలో దైవభీతిని పెంపొందించడానికే విధి అయింది. దానికి ప్రయోగశాల ధ్రువపత్రం అక్కరలేదు. వైద్యానికి మాత్రం నిరూపణ తప్పనిసరి.