కారు బాగుంది... మరి ఆరోగ్యం?

ఆగస్టులో మూడో శనివారం వచ్చిందంటే చాలు, డెట్రాయిట్ శివార్లలో తెల్లారకముందే జనం రోడ్డెక్కుతారు. వుడ్‌వార్డ్ అవెన్యూకి అటూ ఇటూ పచ్చిక మీద మడత కుర్చీలు వేసుకుని, ఐస్‌పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంటారు. అచ్చం మన ఊళ్లలో రథోత్సవం చూడ్డానికి అరుగుల మీద చోటు పట్టుకున్నట్టే. కాసేపట్లో వచ్చేది రథాలే... కాకపోతే పెట్రోలుతో నడిచేవి. చేప తోకల్లాంటి రెక్కలున్న 1950ల నాటి కాడిలాక్‌లు, ఎర్రటి మస్టాంగ్‌లు, గుండె అదిరేలా గుర్రుమనే 1964 నాటి పాంటియాక్ జీటీఓలు బారులు తీరి మెల్లగా కదిలిపోతుంటాయి.

దీని పేరు 'వుడ్‌వార్డ్ డ్రీమ్ క్రూజ్'. ఫెర్న్‌డేల్ అనే చిన్న ఊళ్లో పిల్లల సాకర్ మైదానానికి చందాలు పోగుచేద్దామని 1995లో మొదలుపెట్టారు. ముప్ఫై నలభై వేల మంది వస్తే గొప్పనుకుంటే రెండున్నర లక్షల మంది వచ్చిపడ్డారు! కరోనా వల్ల 2020లో ఆగింది. ఇప్పుడు సుమారు పది లక్షల మంది జనం, నలభై వేల పాతకాలపు కార్లు వస్తాయని నిర్వాహకుల లెక్క. టికెట్టు లేదు, గేటు లేదు. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా పదహారు మైళ్లూ... అంటే పాతిక కిలోమీటర్ల పైచిలుకూ జాతరే.

ఈ రోడ్డు మామూలుది కాదు. అమెరికాలో మొదటిసారి ఒక మైలు పొడవున కాంక్రీటు రహదారి వేసింది ఇక్కడే, 1909లో. హైలాండ్ పార్క్ దగ్గర ఇదే రోడ్డు పక్కన హెన్రీ ఫోర్డ్ కట్టిన కర్మాగారంలో 1913లో కదిలే అసెంబ్లీ లైను మొదలైంది. మర్నాటి ఏడాదే రోజుకి అయిదు డాలర్ల జీతం ప్రకటించి ఫోర్డు ప్రపంచాన్ని నివ్వెరపరిచాడు. 1950, 60ల్లో శనివారం రాత్రుళ్లు కుర్రకారు ఇక్కడే కార్లలో చక్కర్లు కొట్టేది. కంపెనీ ఇంజినీర్లు కూడా కొత్త ఇంజిన్ల సత్తా చూసుకోవడానికి చీకటి పడ్డాక ఇక్కడికే వచ్చేవాళ్లట. నాటి కుర్రాళ్లే ఈ రోజు మడత కుర్చీల్లో కూర్చున్న తాతలు.

అసలు సంగతి ఆ కుర్చీల దగ్గరుంది.

బానెట్ ఎత్తిపెట్టిన కారు చుట్టూ నలుగురు చేరతారు. మొదటి పావుగంట కార్బ్యురేటర్ గురించీ, దొరకని విడిభాగాల గురించీ. మాట అక్కణ్నుంచి యజమాని మోకాలి మీదికి జారుతుంది. మోకాలి ఆపరేషన్ ఎప్పుడు? ఇన్సూరెన్సు ఎంత ఇస్తానంది? చేతినుంచి ఎంత పెట్టుకోవాలి? తర్వాత పోయిన ఉద్యోగం, విడాకులు, క్యాన్సర్‌తో పోరాడుతున్న భార్య. ఎదురెదురుగా కూర్చుని అడిగితే నోరు విప్పని మగవాళ్లు, ఇద్దరూ ఇంజిన్ వైపే చూస్తూ నిలబడినప్పుడు చెప్పేసుకుంటారు. కొన్ని కార్ల అద్దాలకి 'అమ్మకానికి' అని కాగితం అంటించి ఉంటుంది. ఎందుకు అమ్ముతున్నావని ఎవరూ వెంటనే అడగరు. మన దగ్గర ఆసుపత్రి ఖర్చుకి బంగారం తాకట్టుకి వెళ్తుంది. ఇక్కడ పదేళ్లు షెడ్డులో పడుకుని బాగుచేసుకున్న కారు వెళ్తుంది.

అంత పెద్ద దేశంలో ఈ బాధేమిటి అనిపిస్తుంది కదూ! అమెరికా వైద్యం మీద 2023లో పెట్టిన ఖర్చు 4.9 లక్షల కోట్ల డాలర్లు. తలకి 14,570 డాలర్లు. అయినా అక్కడ అందరికీ వర్తించే సర్కారీ వైద్యం లేదు. అరవై అయిదేళ్లు నిండితే మెడికేర్ వస్తుంది. బాగా పేదలైతే మెడికెయిడ్. మధ్యలో ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి ఉద్యోగమే దిక్కు. కంపెనీ ఇచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం 2024లో ఏడాదికి పాతికవేల డాలర్లు దాటింది. అందులో ఆరువేల పైన ఉద్యోగి జీతంలోంచే కోత. అదయ్యాక 'డిడక్టబుల్' ఉంది. అంటే ఏడాదిలో మొదటి ఇన్ని డాలర్లు మన జేబులోంచి పెట్టుకున్నాకే బీమా కంపెనీ పర్సు తీస్తుందన్నమాట. ఉద్యోగం పోతే పాత బీమానే కొన్నాళ్లు కొనసాగించుకోవచ్చు, కానీ కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి. జీతం ఆగిన నెలలోనే! అందుకే అరవై దాటినవాళ్లు అరవై అయిదో పుట్టినరోజు కోసం వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటారు.

బీమాని ఉద్యోగానికి ముడిపెట్టడంలో డెట్రాయిట్ చెయ్యీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జీతాలు పెంచకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. బీమా లాంటి సౌకర్యాలకి మాత్రం ఆ ఆంక్ష లేదు. కంపెనీలు ఆ దారి పట్టాయి. అందరికీ జాతీయ బీమా పెడదామని అధ్యక్షుడు ట్రూమన్ 1945లో చేసిన ప్రతిపాదన వీగిపోయింది. కార్మిక నాయకుడు వాల్టర్ రూథర్ కోరుకున్నదీ జాతీయ బీమానే. అది రాకపోయేసరికి 1950లో జనరల్ మోటార్స్‌తో అయిదేళ్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. పింఛనూ, వైద్య బీమాలో వాటా అందులోనివే. చరిత్రలో దానికి 'డెట్రాయిట్ ఒడంబడిక' అని పేరు. రానురాను రిటైరైనవాళ్లకి కూడా కంపెనీయే వైద్యం చూసుకునే స్థాయికొచ్చింది. వుడ్‌వార్డ్ మీద మెరిసే కారూ, పర్సులోని బీమా కార్డూ ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చాయన్నమాట.

ఆ మాట నిలవలేదు. 2005 నాటికి ఒక్కో కారు ధరలో 1,500 డాలర్ల పైన ఉద్యోగుల, రిటైరైనవాళ్ల వైద్యానికే పోతోందని జనరల్ మోటార్స్ మొత్తుకుంది. ఆ లెక్కన కారుకి వాడే ఇనుము కంటే మందులే బరువు! 2007 ఒప్పందంలో రిటైరైన కార్మికుల వైద్యం భారాన్ని ఒక ట్రస్టుకి అప్పగించారు. ఆ తర్వాత చేరిన కొత్తవాళ్లకి రిటైరయ్యాక బీమా లేదు. ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లలో అరవై అయిదు దాటినవాళ్లకి 2009 జనవరి నుంచి కంపెనీ వైద్య బీమా ఆపేసింది. అదే ఏడాది జూన్‌లో కంపెనీయే దివాలా అర్జీ పెట్టుకుంది. 2013లో డెట్రాయిట్ నగరం వంతు వచ్చింది. నగరపాలక సంస్థలో పనిచేసి రిటైరైనవాళ్ల వైద్య సౌకర్యం చాలావరకు కొట్టుకుపోయింది. 2019లో జనరల్ మోటార్స్ కార్మికులు సమ్మె చేస్తే రెండో రోజే బీమా ఖర్చు ఆపేస్తున్నామంది కంపెనీ. జనం ఛీకొట్టాక కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది. 2023 సమ్మెలో జీతాలు బాగానే పెరిగాయి. కొత్తతరానికి రిటైర్‌మెంట్ తర్వాతి వైద్యం మాత్రం తిరిగి రాలేదు.

ఇక్కడ ఇంకో విచిత్రం చెప్పుకోవాలి. మిషిగన్‌లో మెకానిక్ షెడ్డుకి కారు ఇస్తే ముందే అంచనా రాసివ్వాలని చట్టం. యజమాని ఒప్పుకోకుండా దానిమీద పదిశాతం మించి బిల్లు పెంచడానికి వీల్లేదు. కారు మీద ఉన్నపాటి దయ మనిషి మీద లేదని అక్కడివాళ్లు విసుక్కుంటే తప్పుపట్టలేం! ఆసుపత్రులు ధరల పట్టిక బయటపెట్టాలని 2021లో, ముందు చెప్పకుండా వచ్చిపడే బిల్లుల్ని అరికట్టాలని 2022లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. అయితే రోడ్డు మీద నడిచే అంబులెన్సుని ఆ రక్షణ నుంచి వదిలేశారు.

కారు ప్రమాదాల సంగతి వేరేగా ఉండేది. 1973 నుంచి ఈ రాష్ట్రంలో కారు బీమా ఉంటే చాలు, ప్రమాదంలో గాయపడినవాళ్లకి బతికున్నంతకాలం ఎంత వైద్యమైనా దొరికేది. దేశంలో ఇంకెక్కడా లేని ధీమా అది. ప్రీమియాలు దానికి తగ్గట్టే మండిపోయేవి. 2019లో చట్టం మార్చి, 2020 జులై నుంచి తక్కువ కవరేజీ ఎంచుకునే వీలిచ్చారు. 2021లో ఇంటికొచ్చి సేవచేసే సహాయకులకిచ్చే మొత్తాల్లో భారీగా కోత పడింది. మంచానికే పరిమితమైన కుటుంబాలు అల్లాడాయి. పాత చట్టం కింద గాయపడ్డవాళ్లకి పాత హక్కులే ఉంటాయని 2023లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చాక కొందరికి ఊపిరాడింది.

వుడ్‌వార్డ్‌కి కొద్ది దూరంలోని ట్రాయ్, నోవై, కాంటన్ ఊళ్లలో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. కార్ల కంపెనీల్లో, వాటికి సాఫ్ట్‌వేర్ రాసే సంస్థల్లో ఉద్యోగాలు. వీసా మీదున్నవాళ్లకి ఉద్యోగం పోతే బీమాతోపాటు దేశంలో ఉండే గడువూ ముంచుకొస్తుంది. వేసవికి అమ్మానాన్నల్ని తీసుకొచ్చేవాళ్లయితే విమానం టికెట్టుతోపాటు సందర్శకుల బీమా కొంటారు. అయినా నాన్నగారి పాత బీపీ, షుగరు అందులోకి వస్తాయో రావో అని చివరిదాకా గుబులే. ఆరోగ్యశ్రీ కార్డు గురించి విని పెరిగినవాళ్లకి ఇది కొత్త పాఠం. అందుకే పెద్దవాళ్ల సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన ఆరునెలల మాత్రలు ప్రయాణం చేస్తాయి.

సాయంత్రం ఏడు దాటితే వుడ్‌వార్డ్ మీద పొగ, ఇంజిన్ల మోత పతాకస్థాయికి చేరతాయి. పదమూడో మైలు రోడ్డు కూడలికి దగ్గర్లో ఒక పెద్ద ఆసుపత్రి ఉంది. దానికి ఎదురుగా దుకాణాల ముందు జాగాలో కార్లు నిలిపి, బానెట్లు ఎత్తి, కబుర్లు సాగుతూనే ఉంటాయి. పాతికేళ్లు పైబడిన కార్లకి మిషిగన్‌లో ప్రత్యేకమైన 'చారిత్రక' నంబరు ప్లేటు ఇస్తారు. ఖర్చు తక్కువ, కానీ ప్రదర్శనలకీ క్లబ్బు కార్యక్రమాలకీ తప్ప మామూలుగా తిప్పకూడదు. ఆగస్టు నెలకి మాత్రం మినహాయింపు. నెలాఖరు దాకా ఎటు కావాలంటే అటు నడుపుకోవచ్చు. సెప్టెంబరు ఒకటికల్లా కారు మళ్లీ షెడ్డులోకి, గుడ్డ ముసుగు కిందికి. అద్దానికి కాగితం అంటించుకున్నవాళ్లు మాత్రం, కొనేవాళ్లు దొరుకుతారేమోనని ఇంకాస్త సేపు కుర్చీ మడవకుండా కూర్చుంటారు.