డొల్ల చప్పుడు

మా అమ్మమ్మ సంతలో కుండ కొనేటప్పుడు ముందుగా వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటే బేరం మొదలు. బొదబొదమంటే ఎంత అందమైన కుండైనా పక్కన పెట్టేసేది. ఆవిడ పోయిన ముప్ఫయ్యేళ్ళకు, అమెరికా వాయవ్య మూలనున్న అనకోర్టెస్ రేవులో ఒక పెద్దాయన చిన్న ప్లాస్టిక్ సుత్తితో ఒక పాత పడవను జానెడేసి దూరంలో తట్టుకుంటూ పోతుంటే, ఆవిడే గుర్తుకొచ్చింది.

పడవ పిచ్చి నాకు ఆలస్యంగా పట్టింది. 2017 సెప్టెంబరులో భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు 'తారిణి' అనే తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరి, భూమిని చుట్టి 2018 మేలో తిరిగి వచ్చారు. వారిలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. గోదావరి లంకల్లో పుట్టి, సియాటిల్‌లో కంప్యూటరు ముందు కూర్చుని ఆ వార్త చదివిన నాకు కొంచెం సిగ్గేసింది. ఆ తరువాత ఆరేళ్ళపాటు వారాంతాల్లో ఇతరుల పడవల్లో తాళ్ళు లాగాను. (అన్నట్టు, ఓడ మాటలు మనకు లేవనుకోకండి. ముందు భాగం అణియం, వెనుక భాగం అమరం. మనం వాడటం మానేశాం, అంతే.)

చివరకు ఒక ప్రకటన కంటపడింది. తైవాన్‌లో 1981లో కట్టిన ముప్ఫై ఏడు అడుగుల ఫైబర్‌గ్లాసు పడవ. ధర 62,000 డాలర్లు. 'మహాసముద్ర యాత్రకు సర్వసన్నద్ధం' అని రాసి, కింద రెండు పేజీల జాబితా ఇచ్చారు. గాలివాలును బట్టి దానంతటదే పడవను నడిపే యంత్రం, దానికి కరెంటు కూడా అక్కరలేదు. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం. సౌర ఫలకాలు. గాలి నింపుకునే ప్రాణరక్షక తెప్ప. ఆపదలో ఉపగ్రహానికి మొరపెట్టుకునే పెట్టె. ఇవన్నీ విడిగా కొత్తవి కొంటే ఎంతవుతుందో లెక్కవేసి, పడవ ఉచితంగా వస్తున్నట్టేనని మా ఆవిడతో అన్నాను.

"మరి ఇన్ని ఉన్నవాళ్ళు ఎందుకు వెళ్ళలేదండీ?" అంది.

ఆ ప్రశ్న నాకు తట్టనందుకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంది. పడవ యజమాని 1990లలో దాన్ని కొని, మార్కెసాస్ దీవులకు వెళ్ళాలని ఏటా ఒక్కో వస్తువూ అమర్చుకుంటూ వచ్చాడట. మెక్సికో తీరం నుంచి ఆ దీవులు దాదాపు 2,800 నాటికల్ మైళ్ళు. ఇటువంటి పడవకు మూడు నాలుగు వారాల ప్రయాణం. ఆయన మాత్రం ఇక్కడి దీవులు దాటి పోలేదు. నిరుడు కాలం చేశాడు. అమ్ముతున్నది ఆయన భార్య.

ఇక్కడి పద్ధతి ప్రకారం పదో వంతు బయానా కట్టి, పరీక్షలో తేలేదాన్ని బట్టి కొంటామనే షరతు పెట్టుకున్నాం. పరీక్షకుడికీ, పడవను నీటిలోంచి పైకెత్తే క్రేనుకూ ఖర్చు కొనేవాడిదే. అడుగు భాగం ఖంగుమంది. పై తట్టు దగ్గరకు వచ్చేసరికి చప్పుడు మారింది. ఆనాటి తైవాన్ పడవల్లో చాలావాటికి పైన టేకు పలకలు పరిచి, ఫైబర్‌గ్లాసులోకి వందల మరలు దిగగొట్టేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ ప్రతి మర పక్కనుంచీ నీరు దిగి, లోపలి చెక్క నాని కుళ్ళుతుంది. పైకి మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది.

తరువాత ఆయన లోపలి పలక ఒకటి విప్పి, టార్చి వేసి నన్ను పిలిచాడు. తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలన్నీ వచ్చి బిగిసేది చెయిన్‌ప్లేట్లనే ఉక్కు పట్టీలకు. స్టెయిన్‌లెస్ ఉక్కుకు తుప్పు పట్టదనుకుంటాం. నీరు నిలిచి గాలి ఆడని సందులో దానికీ పడుతుంది, పైగా పైకి కనబడకుండా. ఎడమవైపు పట్టీ కింద గోధుమరంగు చార జారి ఉంది. నడిసముద్రంలో అది తెగితే కొయ్య కూలుతుంది. జాబితాలోని వస్తువులేవీ అప్పుడు దాన్ని నిలబెట్టలేవు.

ఆ వస్తువుల సంగతి సరేసరి. తెప్పకు తనిఖీ చేయించి పన్నెండేళ్ళయింది. మంచినీటి యంత్రంలోని పొర వాడక ఎండిపోయింది. మొరపెట్టుకునే పెట్టె 121.5 మెగాహెర్ట్జ్ రకానిది. ఆ తరంగాన్ని వినడం ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి 1నే మానేశాయి. సంద్రం మధ్య మీట నొక్కినా పైన వినే ఉపగ్రహం లేదన్నమాట. ఆ పసుపు పెట్టెను చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

నివేదిక నలభై పేజీలొచ్చింది. ఇరవై వేలు తగ్గించమని అడగమన్నాడు దళారి. అడిగాను. అది న్యాయమైన బేరమే. మరమ్మతులకు అంతకన్నా ఎక్కువే అవుతుంది. అయినా భర్త పాతికేళ్ళ కష్టాన్ని ఆయన భార్య ముందే పంక్తి పంక్తికీ ధర కట్టి కొట్టివేస్తుంటే, నా గొంతు నాకే నచ్చలేదు. ఆవిడ ఒప్పుకుంది. "ఆ ఎడమవైపు పట్టీ సంగతి ఆయనకు తెలుసు," అని మాత్రం అంది.

తాళాలిచ్చేటప్పుడు పడవంతా తిప్పి చూపించింది. ఏ కవాటం బిగుసుకుంటుందో, వానాకాలం గిన్నె ఎక్కడ పెట్టాలో నాకన్నా, నివేదికకన్నా ఆవిడకే బాగా తెలుసు. ఒక టోపీ తీసుకుని దిగిపోయింది.

ఆ సాయంత్రం బల్ల సొరుగులో ఆయన పనుల పుస్తకం దొరికింది. పెన్సిలు రాత, వరుస సంఖ్యలు. పూర్తయినవాటి మీద గీతలు. జాబితాలోని వస్తువులన్నీ గీత పడ్డవే. గీత పడని వాటిలో మొదటిది: 'ఎడమ చెయిన్‌ప్లేట్ మార్చాలి. వచ్చే వేసవి.' ఏ వేసవో రాయలేదు.

మా ఆవిడ నా భుజం మీదుగా చూసి పెన్సిలు అందించింది. 'వచ్చే వేసవి' కొట్టేసి తేదీ వేశాను. శనివారం పొద్దున్నే మరలు విప్పడం మొదలుపెట్టాం. మొదటిది గంటన్నర పట్టింది.